బండి నెలకు ఎంత తిరుగుతది

కొత్తదానిలాంటి పాత కారు ఒకటి కావాలని అడిగిన ప్రతిచోటా నాకు ఎదురైన మొదటి ప్రశ్న ఒకటే: బండి నెలకు ఎంత తిరుగుతది? మా బస్సు డిపోలో మెకానిక్‌గా చేసి, రిటైరయ్యాక జగిత్యాల బైపాస్ మీద షెడ్డు పెట్టుకున్న మిత్రుడు కూడా అదే అడిగాడు. తక్కువ తిరిగితే పెట్రోలు, ఎక్కువ తిరిగితే డీజిలు, ఇందులో పెద్ద శాస్త్రమేం లేదన్నాడు. నేను జేబులో పుస్తకం తీసి ప్రశ్న రాసుకుని, కింద జవాబుకు జాగా వదిలాను.

"జాగ వదిలినవ్ గని, జవాబు ఎవలను అడుగుతవ్?" అన్నాడు టీ గ్లాసు నా చేతికిస్తూ. మా ఇంటి సంగతి అతనికి తెలుసు.

కారు నాకు కాదు. కోరుట్లలో ఉన్న మా బిడ్డకు. అల్లుడు మస్కట్‌లో లారీ నడుపుతాడు. పెళ్లయిన ఏడాదికే వెళ్లాడు. అప్పటినుంచి రెండేళ్లకోసారి ఛుట్టి మీద వచ్చి, రెండు నెలలు ఉండి, మళ్లీ వెళ్తున్నాడు. ఛుట్టి అంటే సెలవు. వచ్చేటప్పుడే తిరుగు టికెట్టు జేబులో ఉంటుంది. అలా కాకుండా అక్కడి వీసా రద్దు చేయించుకుని శాశ్వతంగా వచ్చేయడాన్ని మావైపు క్యాన్సల్ చేసుకుని రావడం అంటారు. కిందటి ఛుట్టి అయిపోయి వెళ్లేరోజు అల్లుడు అందరి ముందూ చెప్పాడు.

"మామా, ఈసారి క్యాన్సల్ జేస్కొనే అస్త. ఎక్కువ నడవని బండి ఒకటి జూసి పెట్టు. కిరాయికి నడుపుకుంట ఇంటికాడ్నే ఉంట."

కిరాయికి కొదవ ఉండదని అతని లెక్క. మల్లాపూర్ నుంచో సారంగాపూర్ నుంచో పెగడపల్లి నుంచో రోజూ ఎవరో ఒకరు గల్ఫ్‌కు బయలుదేరుతూనే ఉంటారు. ఎవరో ఒకరు దిగుతూనే ఉంటారు. వాళ్లను శంషాబాద్ ఎయిర్‌పోర్టులో దింపాలి, అక్కడినుంచి తీసుకురావాలి. అంత దూరం తిరిగే బండికి డీజిలే గిట్టుతుంది. కిరాయి లేని రోజు అదే ఇంటి బండి. అందుకని మా బిడ్డకు డీజిలంటే మనిషి ఇంటికొచ్చి ఉండటం. పెట్రోలంటే, వాకిట్లో కవరు కప్పుకుని నిలబడి, ఛుట్టిలో మాత్రం రోడ్డెక్కే కారు. కోరుట్లలో అలాంటి కార్లు వీధికి ఒకటి ఉన్నాయి.

ఈ పని నామీద పడటానికి కారణం నా డిపో ఉద్యోగం. నిజానికి నేను పనిచేసింది స్టోర్స్‌లో. ఇంజన్ భాగాలన్నీ నాకు విడివిడిగా, ఏ అరలో ఏది ఉంటుందో తెలుసు. కలిపి బిగించాక అవి ఏం చేస్తాయో నాకు అంతగా తెలియదు. ఎన్నిసార్లు చెప్పినా బిడ్డ వినలేదు. "నువ్వు ఒక్కసారి జూసి సరే అను బాపు, నాకు గంతే చాలు," అనేది. నాకూ పని కావలసే ఉంది. రిటైరయ్యాక నా డైరీల్లో వాన పడిందా లేదా, బీపీ ఎంత, తెలిసినవాళ్లలో ఎవరు పోయారు అన్నవే మిగిలాయి. కారు వెతకడం మొదలుపెట్టాక పేజీలు మళ్లీ నిండసాగాయి.

బిడ్డ ఇంటికి వెళ్లినప్పుడల్లా వియ్యపురాలు అరుగు మీద చాట ఒళ్లో పెట్టుకుని బీడీలు చుడుతూ మా మాటలు వినేది. ఒకరోజు దారం తెంపుతూ అంది:

"పెట్రోలో డీజిలో ఏదన్న పొయ్యిండ్రి అన్నా. మావోడు అండ్ల కూసుంటె సాలు."

"డీజిలైతేనే కూసుంటడు అత్తా," అంది మా బిడ్డ లోపలినుంచి.

లెక్క తేల్చుకోవాలంటే లెక్క తెలిసినవాళ్లనే అడగాలని కోరుట్ల బస్టాండ్ దగ్గర కిరాయి కార్ల అడ్డాకు వెళ్లాను. ఒక వేపచెట్టు, దాని కింద బల్ల, పక్కన వరసగా కార్లు. బల్ల మీద కూర్చున్నవాళ్లలో ఒకతన్ని పలకరించి, పుస్తకం తీసి అడిగాను.

"తమ్మీ, నీ బండి నెలకు ఎంత తిరుగుతది?"

"ఏ నెల సార్?"

"పోయిన నెల అనుకో."

"పోయిన నెల మంచిగనే తిరిగింది. పొద్దుగాల చెట్టుకు గీ దిక్కున్న నీడల పెడుత, పొద్దుమీకి గా దిక్కుకు తిప్పుత."

బల్ల మీద ఉన్నవాళ్లంతా నవ్వారు. నేనూ నవ్వాను. తర్వాత కాస్త పెద్దవయసాయన నాకు బల్ల మీద చోటిచ్చి నెమ్మదిగా చెప్పాడు. "రాసుకోకుండ్రి సార్, గది రాసుకునేటంత ముచ్చట గాదు. నేను ఖతర్ నుంచి అచ్చిన. గీయన సౌదీ. గా ఎర్ర అంగి ఆయన దుబాయ్. అందరం ఒక్క తీరుగనే ఆలోచన జేసినం. ఎయిర్‌పోర్ట్ కిరాయిలు మస్తుగుంటయ్, డీజిల్ బండి తీస్కుంటె బతుకొచ్చని. ఇప్పుడు పోయెటోళ్ల కన్న తోల్కపోయెటోళ్లమే ఎక్కువైనం."

విన్నది విన్నట్టు బిడ్డకు చెప్పాను. ఆమె బియ్యంలో రాళ్లు ఏరుతోంది. తల ఎత్తలేదు.

"చెట్టు కింద కూసుంటె ఎవలు పిలుస్తరు బాపు. మీ అల్లుడు గట్ల గాదు. మస్కట్ల మన దిక్కోళ్లందరు ఆయనకు ఎరుకే. ఆళ్లిండ్లోళ్లు ఈయన్నే పిలుస్తరు."

ఆ మాటలో పస లేకపోలేదు. అది కూడా రాసుకున్నాను.

వాళ్ల వీధికి రెండు వీధుల అవతల ఒక డీజిల్ కారు అమ్మకానికి ఉందని తెలిసింది. యజమాని కువైట్‌లో ఉన్నాడు. ఇంట్లో ముసలి తండ్రి. శుక్రవారం వస్తే స్టార్ట్ చేసి చూపిస్తానన్నాడు. ఆరోజే ఎందుకంటే, కొడుక్కి అక్కడ శుక్రవారం సెలవు. ప్రతి శుక్రవారం అతను వీడియో కాల్‌లోకి వచ్చి, తండ్రి చేత కారు స్టార్ట్ చేయించి, కాసేపు దాని చప్పుడు వింటాడు.

బిడ్డా నేనూ వెళ్లేసరికి కవరు తీసి మడత పెట్టి ఉంది. సీట్ల మీద షోరూమ్ వాళ్లు వేసిన ప్లాస్టిక్ ఇంకా అలాగే ఉంది. పెద్దాయన డ్రైవరు సీట్లో కూర్చుని ఫోన్‌ను స్టీరింగ్ వెనక నిలబెట్టాడు. ఫోన్‌లోంచి కొడుకు గొంతు: "నాయినా, ముందుగాల కాలు తోటి క్లచ్ తొక్కు. అది గాదు, ఎడమ దిక్కుది." ఇంజన్ అందుకుంది. తండ్రి ముందు అద్దంలోంచి గోడను చూస్తూ కూర్చున్నాడు. కొడుకు చెవి దగ్గరగా పెట్టుకున్నాడేమో, ఫోన్‌లో అతని చెంప మాత్రమే కనిపిస్తోంది.

బండి రోడ్డెక్కి ఎన్నాళ్లయిందని అడిగాను.

"మావోడు పోయినకాడ్నించి ఎక్కలే. ఖరాబైతదేమోనని వారం వారం గిట్ల స్టార్ట్ జేస్తం," అన్నాడు పెద్దాయన.

నా మిత్రుడు ముందే చెప్పాడు. ఈమధ్య వచ్చిన డీజిల్ బండ్లకు పొగగొట్టంలో మసిని పట్టే జల్లెడ లాంటిది ఉంటుంది. దూరం పోయి బాగా వేడెక్కితేనే ఆ మసి కాలిపోతుంది. నిలబెట్టి నడిపిస్తే మసి పేరుకుని ఊపిరాడక ఇంజన్ దెబ్బతింటుంది. అంటే ఈ ఇంట్లో కారును కాపాడుతున్నామనుకుని వారం వారం చేస్తున్న పనే దాన్ని పాడుచేస్తోంది. దాచి ఏం లాభమని ఫోన్ ముందుకు వంగి ఆ మాటే చెప్పాను. కొడుకు ఓపికగా విన్నాడు.

"నిజమే కావచ్చు సార్. గని దూరం ఎవలు తోల్కపోవాలె? మా నాయినకు సైకిల్ గూడ రాదు."

పెద్దాయన ఇంజన్ ఆపి, కవరు ఒక కొస నాకిచ్చాడు. ఇద్దరం కలిసి కారుకు కప్పాం.

ఆ తర్వాత నా మిత్రుడే సిరిసిల్లలో ఒక కారు ఉందని చెప్పాడు. ఏడాది కూడా నిండని డీజిల్ కారు. నిలబెట్టింది కాదు, హైదరాబాద్ రోడ్డు మీద పద్ధతిగా తిరిగింది. యజమానికి సాంచాలు ఉన్నాయి. అక్కడ మరమగ్గాలను అలాగే అంటారు. చీరల ఆర్డర్లు బాగా నడిచినప్పుడు కొన్నాడట. ఆర్డర్లు ఆగిపోయి అమ్ముతున్నాడట. బిడ్డ తానూ వస్తానంది. ఇద్దరం వేములవాడ మీదుగా బస్సులో వెళ్లాం.

నాకు తెలిసిన సిరిసిల్ల వేరు. ఆ వీధుల్లో దారి అడగాలన్నా అవతలివాడి చెవి దగ్గరికి వెళ్లాలి. సాంచాల చప్పుడు అంత ఉండేది. ఆరోజు మా చెప్పుల చప్పుడు మాకు వినిపించింది. ఇల్లూ షెడ్డూ ఒకే కప్పు కింద ఉన్నాయి. లోపల సాంచాల మీద పాత చీరలు కప్పి ఉన్నాయి. నలభై దాటని మనిషి, గడప దగ్గరే మమ్మల్ని చూసి, వీధి చివరివాళ్లకు వినపడేంత గట్టిగా, "రాండ్రి సార్, కూసోండ్రి," అన్నాడు.

"మెల్లగ మాట్లాడు. సాంచాలు నడుస్తలేవు," అంది అతని భార్య, నీళ్ల చెంబు తెస్తూ.

అతను సిగ్గుపడి నవ్వాడు. గొంతు మాత్రం తగ్గలేదు. ఆ చప్పుడు మధ్యే పుట్టి పెరిగినవాడు, తగ్గించడం అలవాటు లేదు.

కారు చూశాను. ఆయిల్ వేలికి రాసుకుని చూశాను, పొగగొట్టంలో వేలు పెట్టి చూశాను, టైర్లు, సర్వీసు కాగితాలు, కింద ఎక్కడైనా తుప్పు పట్టిందా అన్నీ చూశాను. అతను నడుపుతుంటే మానేరు వంతెన దాకా వెళ్లి వచ్చాం. ఎక్కడా వంక లేదు. బిడ్డ వెనక సీట్లో కూర్చుని కిటికీ అద్దం దించుతూ ఎత్తుతూ ఉంది. ఇంటి ముందు దిగాక నావైపు చూసింది. "సరే," అన్నాను. ఆ మాట కోసమే ఇన్నాళ్లూ నా వెంట తిరిగింది. వెంటనే భర్తకు వీడియో కాల్ చేసింది.

అక్కడ అన్నం వేళ. అల్లుడు లారీ క్యాబిన్‌లో కూర్చుని ఉన్నాడు. బిడ్డ ఫోన్ పట్టుకుని కారు చుట్టూ తిరిగి ముందూ వెనకా చూపించింది. డిక్కీ తెరిచి, "నలుగురి సామాన్లు పడుతయ్ సూడు," అంది. అతను "మంచిగనే ఉన్నది," అన్నాడు. రెండోసారి అడిగితే మళ్లీ అదే అన్నాడు.

అప్పుడు కారు యజమాని కాస్త ముందుకు వచ్చాడు. "చెల్లె, అన్నతోని నేనొక మాట మాట్లాడొచ్చా?" బిడ్డ ఫోన్ ఇచ్చింది. బండి సంగతి చెబుతాడనే మేమంతా అనుకున్నాం.

"అన్నా, ఆడ నాకేమన్న వీసా దొరుకుతదా? నాకు సాంచాల పనే వచ్చు. గని డ్రైవింగ్ గూడ అస్తది, గీ కారు నేనే నడిపిన. ఏ పనైనా జేస్త."

అతని భార్య తలుపు చాటుకు జరిగింది. అల్లుడు, పని కోసం అడిగే మనిషికి మరో పనివాడు చెప్పినట్టే ఉన్నదున్నట్టు చెప్పాడు.

"ఇప్పుడే అప్పుజేసి రాకు అన్నా. ఈడ సుత మంచిగ లేదు. మా కంపెనీల శానమందిని ఎల్లగొట్టిండ్రు. ఉంటె ఇంకో రెండేండ్లకు సంతకం పెట్టుమన్నరు, లేకుంటె పొమ్మన్నరు. నేను పోయిన వారమే పెట్టిన."

ఫోన్ స్పీకర్‌లో ఉంది. బిడ్డ కారు తలుపు పట్టుకుని నిలబడి ఉంది.

"ఏం పెట్టినవ్?" అంది.

క్యాబిన్ కిటికీలోంచి పడే ఎండలో అతని ముఖం సగమే కనిపిస్తోంది. "నేను మల్ల జేస్త," అన్నాడు. కాల్ ఆగిపోయింది.

యజమాని ఫోన్ వైపు చూశాడు, బిడ్డ వైపు చూశాడు. అతనికి అర్థమైంది. "నాతోని తప్పయింది చెల్లె," అన్నాడు. మేము వచ్చాక మొదటిసారి అతని గొంతు తగ్గింది. తర్వాత నాకేసి తిరిగి, "సార్, అట్లైతె గీ బండి మీకు పనికిరాదు. డీజిల్ది నిలవడితె ఖరాబైతది. పెట్రోల్ది సూస్కోండ్రి. తిరిగెటోళ్లు ఎవలన్న ఉంటె మాత్రం చెప్పుండ్రి," అన్నాడు.

అతని భార్య అతన్ని ఒక చూపు చూసింది. టీ పెట్టి తెచ్చింది. బిడ్డ టీ తాగుతూ, "పిల్లలెంతమంది అక్కా?" అని అడిగింది. ఇద్దరని ఆమె చెప్పింది. వాళ్ల చదువుల గురించి ఇద్దరూ మాట్లాడుకున్నారు. నేనూ అతనూ కప్పిన సాంచాల వైపు చూస్తూ కూర్చున్నాం.

బస్సులో బిడ్డకు కిటికీ పక్క సీటు దొరికింది. వేములవాడలో జనం ఎక్కారు, దిగారు. బస్సు కదిలాక, నన్ను చూడకుండానే అంది: "ఆయన తప్పేమున్నది బాపు. సంతకం పెట్టకుంటె పొమ్మన్నరట గద."

"అవును బిడ్డా."

జగిత్యాల దగ్గరపడుతుండగా మళ్లీ అంది. "పొమ్మన్నప్పుడు రావొచ్చు గద."

డిపోలో ఉన్నన్నాళ్లూ ఎవరేం అడిగినా అరలో వెతికి ఇచ్చేవాణ్ని. బస్సు దిగాక ఆ మాట పుస్తకంలో రాసుకుని, కింద జాగా వదిలాను.

మరుసటి రోజు అల్లుడు నాకు విడిగా ఫోన్ చేశాడు. కోపం తెచ్చుకుందామనే ఎత్తాను. తెచ్చుకోలేకపోయాను.

"కోరుట్ల అడ్డా కాడున్నోళ్లల్ల సగం మంది నా దోస్తులే మామా. దినాం ఫోన్ల మాట్లాడుతరు. నేను గూడ అచ్చి గా చెట్టు కింద నిలవడాల్నా? నువ్వే చెప్పు."

"నాకు చెప్పకపోతే పాయె. బిడ్డకు చెప్పాలె గద అల్లుడా."

"ఎట్ల చెప్పాలె? డీజిల్ డీజిల్ అని గంత సంబురపడవట్టె. రోజు ఇయ్యాల చెప్త అనుకునుడు, రేపు చెప్త అనుకునుడు." చివరికి, "పెట్రోల్దే సూడు మామా. మా అవ్వను దవాఖానకు తోల్కపోవడానికన్న ఉండాలె," అన్నాడు.

బిడ్డ ఏ కారూ వద్దంది. మోకాళ్ల నొప్పులతో బస్సు మెట్లు ఎక్కలేని వియ్యపురాలే ఆమెను ఒప్పించింది. జగిత్యాలలో ఒక టీచరు బదిలీ మీద దూరం పోతూ అమ్మిన పెట్రోలు కారు తీసుకున్నాం. ఈసారి ఎవరు అడిగినా జవాబు సిద్ధంగా ఉంది. తక్కువే తిరుగుతుందని చెప్పాను. అందరూ మంచి ఎంపిక అన్నారు. నా మిత్రుడు మాత్రం బానెట్ మూస్తూ, "బండి మంచిదే," అని ఊరుకున్నాడు. దవాఖానకు పోవలసి వచ్చినప్పుడు అడ్డా నుంచి ఎవరినో ఒకరిని పిలిపించుకుని అదే బండిలో పోయేవాళ్లు. మిగతా రోజుల్లో దానిమీద కవరు ఉండేది.

సంతకం చేసినందుకు కంపెనీ ఛుట్టి ఇచ్చింది. అల్లుడు వచ్చిన రోజే కవరు తీసి, కారు కడిగాడు. ఆ రెండు నెలలూ మా అందరినీ తిప్పాడు. ధర్మపురికి, కొండగట్టుకు, చుట్టాల ఇళ్లకు, ఒకసారి ఊరికే గోదావరి ఒడ్డుకు. నడపడం అతనికి వచ్చినంత బాగా నేను చూసినవాళ్లలో ఎవరికీ రాదు. గుంతలో పడినట్టే తెలియదు. బిడ్డ ముందు సీట్లో కూర్చునేది. సంతకం మాట వాళ్లిద్దరి మధ్య ఎప్పుడు వచ్చిందో, వచ్చిందో లేదో కూడా నాకు తెలియదు.

వెళ్లే రోజు మా కారులోనే బయలుదేరాం. తానే నడుపుతానన్నాడు. అలా సొంత కారులో వెళ్లేటప్పుడు తిరిగి తేవడానికి ఒక డ్రైవరును కూడా వెంట తీసుకుపోవాలి. అది మావైపు వాడుక. అడ్డా నుంచి ఒకతను వచ్చాడు, ఆరోజు వేపచెట్టు కింద చూసిన ఎర్ర అంగి ఆయన. ముందు నేనూ అల్లుడూ. వెనక బిడ్డ, అవతలి కిటికీకి ఒదిగి అతను. తెల్లవారుతుండగా బయలుదేరితే దారి పొడుగునా మాట్లాడింది అతనొక్కడే.

"పోయేటప్పుడు నేను చుట్టాన్ని సార్. అచ్చేటప్పుడే డ్రైవర్‌ను."

శంషాబాద్‌లో టికెట్టు ఉన్నవాళ్లనే లోపలికి పంపుతారు. అల్లుడు బ్యాగు దించుకుని, తాళం చెవి అతని చేతిలో పెట్టి, "థర్డ్ గేర్ల జర గుంజుతది, జబర్దస్తి చేయకు," అన్నాడు. నా కాళ్లకు దండం పెట్టాడు. బిడ్డతో ఏదో అన్నాడు, ఆమె తల ఊపింది. అద్దాల తలుపుల అవతల అతని తెల్ల చొక్కా కాసేపు కనిపించి, తర్వాత ఏది అతనిదో తెలియలేదు.

సిద్దిపేట దాటాక పెట్రోల్ బంకులో ఆపాం. బంకు మనిషి కిటికీ దగ్గరికి వచ్చాడు. డ్రైవరు నావైపు తిరిగాడు. "సార్, ఇండ్ల ఏం పోయాలె? మాయన్ని డీజిల్ బండ్లే, అలవాటుల గదే అనేటట్టున్న."

నేను నోరు తెరిచేలోపే వెనకనుంచి బిడ్డ చెప్పింది. "పెట్రోల్."

అతను దిగి మూత తీశాడు. బిడ్డ కిటికీ అద్దం పైకి ఎత్తుకుని, కొంగు ముఖం మీదికి లాక్కుని సీటుకు ఆనుకుంది.